సిగరెట్ మానిపించింది ఫోనేనా?

మీ వీధిలో ఒక బాబాయి ఉన్నారనుకుందాం. రోజుకు పది సిగరెట్లు కాలుస్తారు. పిన్ని ఎంత పోరినా మానలేదు. డాక్టరుగారు మందలిస్తే నాలుగు రోజులు మానారు. ఐదో రోజున మళ్ళీ కిళ్ళీకొట్టు దగ్గర కనిపించారు. ఒకనాడు ఆఫీసులో ఎవరో చెబితే తన స్మార్ట్‌ఫోనులో సిగరెట్లు మానిపించే యాప్ ఒకటి పెట్టుకున్నారు. మూడు నెలలు గడిచాయి. బాబాయి మళ్ళీ సిగరెట్ ముట్టలేదు. "అంతా ఈ యాప్ మహిమేరా!" అంటూ కనిపించిన వాళ్ళందరికీ ఫోను తీసి చూపిస్తున్నారు.

బాబాయి అబద్ధం చెప్పడం లేదు. కాని ఆయన చెప్పినది నిజమేనా?

ఇదేం ప్రశ్న అనుకుంటున్నారా? ఆయన సిగరెట్ మానేసిన మాట నిజం. యాప్ పెట్టుకున్న మాటా నిజం. ఐతే మొదటిది రెండోదాని వల్లే జరిగిందని ఎలా తెలుసు? అదే నెలలో ఆయనకు పాప పుట్టి ఉండవచ్చు. సిగరెట్ ధర పెరిగి ఉండవచ్చు. పక్క సీటు స్నేహితుడికి గుండెపోటు వచ్చి, ఆయనకు భయం పట్టుకుని ఉండవచ్చు. లేదా ఈసారి నిజంగానే గట్టిగా నిశ్చయించుకుని, ఆ పట్టుదలతోనే యాప్ కూడా పెట్టుకుని ఉండవచ్చు. వీటిలో ఏది అసలు కారణం? ఈ చిక్కుముడిని శాస్త్రజ్ఞులు ఎలా విప్పుతారో చూద్దాం.

పొగాకు పట్టు

ముందుగా, సిగరెట్ మానడం ఎందుకంత కష్టమో తెలుసుకోవాలి. చుట్ట అయినా, బీడీ అయినా, సిగరెట్ అయినా పొగాకులో ఉండేది నికోటిన్ అనే పదార్థం. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో అది ఊపిరితిత్తులనుంచి రక్తంలోకి, రక్తంనుంచి మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. దానివల్ల కాసేపు హాయిగా అనిపిస్తుంది. సుమారు రెండు గంటలు గడిచేసరికి రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గిపోతుంది. అప్పుడు మెదడు "ఇంకొకటి" అని అడుగుతుంది.

ఇవ్వకపోతే చిరాకు, కోపం, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మానిన మొదటి వారంలో ఈ బాధ ఎక్కువగా ఉంటుంది. తరవాత కొద్ది వారాల్లో క్రమంగా తగ్గుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. టీ తాగగానే, భోజనం చేయగానే, ఫలానా స్నేహితుడు కనబడగానే సిగరెట్ గుర్తుకు వస్తుంది. ఏళ్ళ తరబడి అలవాటైన జత అది.

ఏ సహాయమూ లేకుండా, తమంతట తామే మానాలని ప్రయత్నించేవారిలో ఎంతమంది ఏడాది తరవాత కూడా మానే ఉంటారు? నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు మాత్రమే. మిగిలినవారు బలహీనులు కారు. నికోటిన్ పట్టు అంత గట్టిది.

ఈ లెక్కలోనే మన చిక్కు కూడా ఉంది. ఏ సహాయమూ లేకుండానే కొద్దిమంది మానేస్తున్నారు కదా! లక్షమంది ఫోనులో పనికిరాని యాప్ ఒకటి పెట్టి వదిలేసినా, వారిలో కొన్ని వేలమంది ఎలాగూ మానేస్తారు. వాళ్ళంతా మన బాబాయిలాగే "అంతా యాప్ మహిమే" అంటారు. వారి మాటలన్నీ పోగుచేసి ప్రకటన వేస్తే, ఎంత ఘనంగా ఉంటుందో ఊహించండి!

ఉదయపు తరగతి ఉదాహరణ

మీకు తెలిసిన సంగతితోనే పోల్చి చూద్దాం. మీ బడిలో ఉదయం ఆరు గంటలకు ప్రత్యేక తరగతి పెట్టారనుకోండి. ఇష్టమున్నవారు రావచ్చు. పరీక్షల్లో ఆ తరగతికి వచ్చినవారికి సగటున 75 మార్కులు, రానివారికి 55 మార్కులు వచ్చాయి. తరగతి వల్లే 20 మార్కులు పెరిగాయని హెడ్మాస్టరుగారు అంటే ఒప్పుకుంటారా?

కొంచెం ఆలోచించండి. తెల్లవారుజామునే లేచి ఆ తరగతికి ఎవరు వస్తారు? ముందునుంచీ శ్రద్ధగా చదివేవారే ఎక్కువమంది. ఆ తరగతి లేకపోయినా వారికి మంచి మార్కులే వచ్చేవేమో! అంటే రెండు జట్లకూ మొదటినుంచే తేడా ఉంది. ఆ తేడాను మనం తరగతి ఖాతాలో వేస్తున్నాము.

యాప్ సంగతీ ఇంతే. వెతికి వెతికి యాప్ పెట్టుకునేవారు మానాలన్న పట్టుదల ఉన్నవారు. పెట్టుకోనివారిలో చాలామందికి ఆ ఆలోచనే ఉండదు. ఈ ఇద్దరినీ పోల్చితే యాప్ బలం తెలియదు, పట్టుదల బలం మాత్రం తెలుస్తుంది.

మరి పోల్చదగిన రెండు జట్లను ఎలా తయారుచేయాలి? పట్టుదల సమానంగా ఉండాలి. వయసు, చదువు, రోజుకు కాల్చే సిగరెట్లు, ఇంట్లో పరిస్థితులు, ఇవన్నీ రెండు పక్కలా ఒకేలా ఉండాలి. మనకు తోచని, కొలవలేని సంగతులు కూడా సమానంగా ఉండాలి. ఇది అసాధ్యం అనిపిస్తుంది. కాని దీనికి చాలా తేలికైన ఉపాయం ఉంది.

బొమ్మా? బొరుసా?

ఎవరు ఏ జట్టులో ఉండాలో మనిషి నిర్ణయించకూడదు. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒక జట్టు, బొరుసు పడితే రెండో జట్టు. అంతే! నాణేనికి ఎవరి పట్టుదల ఎంతో తెలియదు. అందుచేత పట్టుదల ఉన్నవారు రెండు పక్కలకూ దాదాపు సమానంగా చేరతారు.

నమ్మకం కలగడం లేదా? మీ తరగతిలో చేసి చూడండి. 40 మంది పేర్లు రాసుకుని, ఒక్కొక్క పేరుకూ ఒకసారి నాణెం ఎగరేయండి. రెండు జట్లు తయారవుతాయి. ఇప్పుడు ఏ జట్టులో ఎంతమంది కళ్ళద్దాలవారున్నారు, ఎంతమంది నడిచి బడికి వస్తారు, ఎంతమందికి అన్నయ్యలున్నారు, లెక్కపెట్టండి. చాలాసార్లు అంకెలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ తరవాత పదిమంది పేర్లతోనే మళ్ళీ చేయండి. ఈసారి తేడాలు పెద్దగా రావచ్చు. జట్లు ఎంత పెద్దవైతే అంత సరిసమానమవుతాయి. శాస్త్రజ్ఞులు వందల, వేల మందిని ఎందుకు చేర్చుకుంటారో ఇప్పుడు తెలిసింది కదా!

ఈ పద్ధతిని వైద్యంలో పకడ్బందీగా వాడి పేరు తెచ్చిన ప్రయోగం 1948లో బ్రిటన్‌లో ప్రచురితమైంది. క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ మందు పనిచేస్తుందా అన్నది ప్రశ్న. 107 మంది రోగులు. ఎవరికి మందు ఇవ్వాలో ముందే చీటీలు రాసి, కవర్లలో పెట్టి అతికించారు. 55 మందికి మందు, 52 మందికి అప్పటి మామూలు చికిత్స అయిన మంచంమీద విశ్రాంతి. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి జట్టులో నలుగురు, రెండో జట్టులో 14 మంది చనిపోయారు. మందు పనిచేసిందని తేలిపోయింది.

ఆ ప్రయోగానికి పథకం వేసిన గణాంక శాస్త్రజ్ఞుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. రెండేళ్ళ తరవాత, 1950లో, ఆయనే రిచర్డ్ డాల్ అనే డాక్టరుతో కలిసి ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సిగరెట్లకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఆ పని సాగుతుండగానే డాల్ తన సిగరెట్లు తానే మానేశారు! సిగరెట్ చేసే హాని చూపించిన హిల్ అలవాటు చేసిన నాణెం పద్ధతే, ఇప్పుడు సిగరెట్ మానిపించే యాప్‌లను పరీక్షించడానికి కూడా ఉపయోగపడుతోంది.

ముందు మెసేజీలు

యాప్‌లకంటే ముందు ఫోన్లలో ఉన్నవి చిన్న చిన్న మెసేజీలు. అవి మనిషి చేత సిగరెట్ మానిపించగలవా? బ్రిటన్ శాస్త్రజ్ఞులు 5,800 మంది మీద దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు.

అందరూ మానాలనుకుంటున్నవారే. ఎవరు ఏ జట్టో యాదృచ్ఛికంగా, అంటే నాణెం ఎగరేసినట్టుగా, నిర్ణయమైంది. మొదటి జట్టుకు ధైర్యం చెప్పే మెసేజీలు, చిట్కాలు పంపారు. మొదటి ఐదు వారాలూ రోజుకు ఐదు. ఆ తరవాత 26 వారాలపాటు వారానికి మూడు. మధ్యలో ఎప్పుడైనా మనసు లాగితే, ఒక్క మాట టైపు చేసి పంపితే చాలు, వెంటనే ధైర్యం చెబుతూ జవాబు వచ్చేది.

రెండో జట్టుకు కూడా మెసేజీలు పంపారు. కాని వాటిలో సిగరెట్ మానడానికి పనికివచ్చే సలహా ఏదీ లేదు. మరెందుకు పంపడం అంటారా? ఎవరో తమను పట్టించుకుంటున్నారన్న భావనే ఒక్కొక్కసారి మనిషిని మారుస్తుంది. ఆ భావన రెండు జట్లకూ ఉంటే, మిగిలిన తేడా సలహాలదే అవుతుంది.

ఆరు నెలల తరవాత అడిగారు: "మానేశారా?" ఇక్కడ ఇంకో చిక్కు వచ్చిపడింది. ఇన్ని నెలలు ఓపికగా సలహాలు పంపినవారు అడిగితే, మానలేదని చెప్పడానికి మొహమాటం వేయదా? హోంవర్కు చేశావా అని మాస్టారు అడిగితే మీలో కొందరు ఏం చెబుతారో మీకే తెలుసు!

అంచేత మాటను మాత్రమే నమ్మకుండా ఉమ్మిని అడిగారు. శరీరంలోకి వెళ్ళిన నికోటిన్ విరిగి, కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది. పేరులో అక్షరాలు చూశారా? నికోటిన్ అక్షరాలనే అటూ ఇటూ మార్చి కోటినిన్ చేశారు! నికోటిన్ త్వరగా మాయమవుతుంది. కాని కోటినిన్ కొద్ది రోజులపాటు రక్తంలోనూ, మూత్రంలోనూ, ఉమ్మిలోనూ కనిపిస్తుంది. మానేశామన్నవారిని ఉమ్మి నమూనా పోస్టులో పంపమన్నారు. ఆ పరీక్షలతో సరిచూసి లెక్క కట్టారు.

ఫలితం ఏమిటంటే, సలహాల మెసేజీలు అందినవారిలో నూటికి 10.7 మంది మానారు. మామూలు మెసేజీలు అందినవారిలో 4.9 మంది. అంటే రెండు రెట్లకు పైగా! మెసేజీలు పనిచేశాయని ధైర్యంగా చెప్పవచ్చు. మన దేశంలో కూడా కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఇలాంటి మెసేజీల పథకం ప్రారంభించింది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పేరు నమోదయ్యేది.

యాప్‌కు యాప్‌తో పోటీ

మెసేజీలు పనిచేస్తే యాప్‌లు ఇంకా బాగా పనిచేయాలి కదా? బొమ్మలుంటాయి, లెక్కలుంటాయి, ఎన్ని రోజులు మానారో, ఎంత డబ్బు మిగిలిందో చూపిస్తాయి. అలాగే చాలామంది అనుకున్నారు. కాని 2019లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ పరిశోధకులు అప్పటిదాకా యాప్‌లమీద జరిగిన ఐదు ప్రయోగాలను, మొత్తం 3,079 మంది లెక్కను, కలిపి చూశారు. యాప్ వాడినవారికీ, అంతకంటే తక్కువ సహాయం అందినవారికీ తేడా ఏమీ కనబడలేదు. బాగుంటుందనిపించడం వేరు, బాగా పనిచేయడం వేరు!

ఐతే అన్ని యాప్‌లూ ఒకటి కావు. అమెరికాలో సియాటిల్ నగరంలో ఫ్రెడ్ హచిన్‌సన్ క్యాన్సర్ కేంద్రం ఉంది. అక్కడి జొనాథన్ బ్రికర్ బృందం ఐకెన్‌క్విట్ అనే యాప్ తయారుచేసింది. వారు దాన్ని ఖాళీ చేతులతో పోటీకి దించలేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థవారి క్విట్‌గైడ్ అనే మరో యాప్‌తో పోటీ పెట్టారు. రెండూ యాప్‌లే. ఇక తేడా ఏదైనా వస్తే, ఫోను చేతిలో ఉన్నందువల్ల వచ్చింది కాదు. యాప్ చెప్పే పద్ధతి వల్ల వచ్చింది.

ఏమిటి ఆ పద్ధతులు? సిగరెట్ గుర్తుచేసేవాటికి దూరంగా ఉండు, కోరిక కలగకుండా చూసుకో, మనసును వేరే పనిమీదికి మళ్ళించు అంటుంది క్విట్‌గైడ్. ఐకెన్‌క్విట్ దారి వేరు. కోరిక వస్తే రానివ్వు, దాన్ని గమనించు, కాని అది చెప్పినట్టు చేయకు అంటుంది. విశాఖ తీరంలో మోకాలిలోతు నీళ్ళలో ఎప్పుడైనా నిలబడ్డారా? వచ్చే కెరటాన్ని చేతులడ్డుపెట్టి ఆపలేము. కాళ్ళు నిలదొక్కుకుని నిలబడితే అదే వచ్చి, అదే వెనక్కి పోతుంది. సిగరెట్ కోరిక కూడా కొద్ది నిమిషాలే ఉండే కెరటం.

అమెరికాలోని 50 రాష్ట్రాలనుంచీ 2,415 మందిని చేర్చుకున్నారు. అందరూ రోజుకు కనీసం ఐదు సిగరెట్లు కాల్చేవారే, త్వరలో మానాలనుకుంటున్నవారే. 1,214 మందికి ఐకెన్‌క్విట్, 1,201 మందికి క్విట్‌గైడ్ వచ్చింది. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి అడిగారు. గడిచిన 30 రోజుల్లో ఒక్క సిగరెట్ కూడా కాల్చనివారినే మానినట్టు లెక్క.

ఏడాది దాకా ఎందుకు ఆగాలి? మన ఊళ్ళలో అయ్యప్ప దీక్ష తీసుకున్నవారిని చూశారు కదా. మాలలో ఉన్న 41 రోజులూ సిగరెట్ జోలికి పోరు. ఆ రోజుల్లో లెక్క తీస్తే నూటికి నూరుమందీ మానినట్టే. మాల తీసిన తరవాత కొందరు మానే ఉంటారు, కొందరు మళ్ళీ మొదలుపెడతారు. లెక్క ఎప్పుడు తీశామన్నదాని మీద జవాబు మారిపోతుంది. యాప్ పెట్టుకున్న వారం రోజులకే అడిగి చెప్పే గొప్పలు నమ్మదగినవి కావు.

2020లో ప్రకటించిన ఫలితం ఇది. ఏడాది తరవాత జవాబిచ్చినవారిలో ఐకెన్‌క్విట్ వాడినవారు నూటికి 28.2 మంది, క్విట్‌గైడ్ వాడినవారు 21.1 మంది మానారు. నూటికి ఏడుగురు ఎక్కువ అన్నమాట.

జవాబివ్వనివారు ఏమయ్యారు?

"జవాబిచ్చినవారిలో" అన్న మాటను మీరు గమనించారా? గమనించి ఉంటే మీలో మంచి శాస్త్రజ్ఞుడో, శాస్త్రజ్ఞురాలో ఉన్నట్టే!

ఏడాది గడిచాక కొందరు ఫోనెత్తరు, ఉత్తరానికి బదులివ్వరు. వాళ్ళెవరు? మానేసి సంతోషంగా ఉన్నవారికి జవాబు చెప్పడం ఇష్టంగానే ఉంటుంది. మళ్ళీ మొదలుపెట్టినవారు మొహం చాటేస్తారు. అందుచేత జాగ్రత్తపరులైన శాస్త్రజ్ఞులు ఇంకో విధంగా కూడా లెక్క కడతారు: జవాబివ్వనివారందరూ ఇంకా కాలుస్తున్నట్టే భావించాలి.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఐకెన్‌క్విట్ జట్టులో 1,214 మందిలో 1,040 మంది జవాబిచ్చారు. వారిలో మానినవారు 293. క్విట్‌గైడ్ జట్టులో 1,201 మందిలో 1,067 మంది జవాబిచ్చారు. మానినవారు 225. మౌనంగా ఉన్న వారందరూ కాలుస్తున్నారనుకుంటే, 293ను 1,214తో భాగించాలి. నూటికి 24.1 వస్తుంది. 225ను 1,201తో భాగిస్తే 18.7. రెండు అంకెలూ తగ్గాయి. కాని తేడా నిలిచింది. చాలామంది జవాబిచ్చారు కనుకనే ఈ ఫలితానికి బలం వచ్చింది.

ఇప్పుడు ఇంకో ప్రయోగం చూడండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు స్మోక్ ఫ్రీ అనే యాప్‌ను పరీక్షించి 2018లో ప్రకటించారు. సగంమందికి పూర్తి యాప్, సగంమందికి సౌకర్యాలు తగ్గించిన యాప్. చేరినవారు 28,112 మంది! ఎంత పెద్ద ప్రయోగం! కాని మూడు నెలల తరవాత జవాబిచ్చినవారు నూటికి ఎనిమిదిమంది కూడా లేరు.

పూర్తి యాప్ వచ్చినవారు 14,228 మంది. జవాబిచ్చినవారు 1,213. మానామన్నవారు 234. ఇప్పుడు చెప్పండి, యాప్ నూటికి ఎంతమందిచేత మానిపించింది? 1,213లో 234 అంటే నూటికి 19 మంది. 14,228లో 234 అంటే నూటికి 1.6 మంది. మనుషులు అదే 234 మంది! కింద ఏ అంకె పెట్టామన్నదాన్ని బట్టి ఘనవిజయం అయినా అవుతుంది, దాదాపు ఏమీ లేకుండా అయినా పోతుంది. తగ్గించిన యాప్ జట్టులో ఆ అంకెలు 13.8, 0.9. ఎలా లెక్కించినా పూర్తి యాప్‌దే పైచేయి అయింది. కాని ఇంతమంది మౌనంగా ఉంటే ఆ విజయాన్ని ఎంతవరకు నమ్మాలి? ఆ పరిశోధకులు రెండు లెక్కలూ దాచకుండా ఇచ్చారు. దాచకపోవడం శాస్త్రజ్ఞుల ధర్మం.

అదే యాప్‌తో బ్రిటన్‌లో జరిగిన మరో ప్రయోగం 2024లో ప్రచురితమైంది. సుమారు 3,100 మందిలో ఒక జట్టుకు యాప్ ఇస్తామన్నారు, రెండో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఆరు నెలల తరవాత రెండు జట్లలోనూ మానినవారి వంతు ఇంచుమించు ఒకటే. ఇస్తామన్నా చాలామంది తీసుకోనేలేదు. పుస్తకం కొని అలమరలో పెడితే చదువు రానట్లే ఇదీనూ.

ఇంతకీ జవాబేమిటి?

ఫోను కొంతమందికి నిజంగానే సహాయపడుతుంది. మెసేజీల విషయంలో రుజువు గట్టిగా ఉంది. ఐకెన్‌క్విట్ ప్రయోగంలాంటి జాగ్రత్తయిన పరీక్షలో ఒక యాప్ మరో యాప్‌కంటే మెరుగని తేలింది. ఐతే ఆ ప్రయోగంలో ఉమ్మి పరీక్ష లేదు, మాటనే నమ్మారు. మానినవారు నూటికి 28 మంది అంటే, మానలేకపోయినవారు 72 మంది అని కూడా మరిచిపోకూడదు. ఇక ఫోన్లలో దొరికే యాప్‌లలో చాలావాటిని ఎవరూ ఇలా పరీక్షించనేలేదు.

"మంచి అలవాటుకే కదా, పరీక్షలేకపోతే ఏం నష్టం?" అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. బ్రిటన్ డాక్టర్లను 50 ఏళ్ళపాటు గమనించి డాల్ బృందం 2004లో చెప్పిన లెక్క ఇది: జీవితమంతా సిగరెట్ కాల్చేవారు సగటున పదేళ్ళ ఆయుష్షు పోగొట్టుకుంటారు. 30 ఏళ్ళ వయసులో మానితే ఆ పదేళ్ళూ దక్కుతాయి. 40లో మానితే తొమ్మిదేళ్ళు, 50లో మానితే ఆరేళ్ళు, 60లో మానినా మూడేళ్ళు దక్కుతాయి. పనికిరాని యాప్‌ను నమ్ముకుని మళ్ళీ మళ్ళీ ఓడిపోయే మనిషి ఈ ఏళ్ళనే పోగొట్టుకుంటాడు. పైగా "యాప్ మంచిదే, నేనే చేతకానివాణ్ణి" అనుకుని, ఇక ప్రయత్నమే మానేస్తాడు.

ఇంకో వైపునుంచి చూడండి. నూటికి ఏడుగురు అంటే చిన్న అంకెలా ఉంటుంది. కాని లక్షమందికి అది 7,000 మంది! మన దేశంలో 2016–17 సర్వే ప్రకారం ఏదో ఒక రూపంలో పొగాకు వాడే పెద్దవారు 26.7 కోట్లు. పల్లెపల్లెకూ ఫోను చేరుతుంది, డాక్టరు చేరలేకపోవచ్చు. అందుకే ఏ యాప్ పనిచేస్తుందో, ఏది పనిచేయదో తేల్చడం ముఖ్యం.

కనుక ఇకమీదట "మా యాప్ వేలమందిచేత మానిపించింది" అన్న ప్రకటన కనిపిస్తే మీరు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చారు? జట్లను ఎవరు విడదీశారు, మనిషా, నాణెమా? ఎన్నాళ్ళ తరవాత అడిగారు? జవాబివ్వనివారిని ఏ లెక్కలో వేశారు? జుట్టు పెంచే నూనెకూ, జ్ఞాపకశక్తి పెంచే పొడికీ కూడా ఇవే ప్రశ్నలు పనికివస్తాయి.

మరి మన బాబాయి సంగతి? ఆయనతో వాదానికి దిగకండి! యాప్ వల్లయినా, పాప వల్లయినా ఆయన మానేశారు. సంతోషించండి. ఆ యాప్‌ను ఇంకొకరికి సిఫారసు చేసేటప్పుడు మాత్రం, ఆయన ఒక్కరే రుజువు కారని గుర్తుంచుకోండి. మీ ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటుంటే, సిగరెట్ పెట్టెమీద ముద్రించి ఉండే 1800-11-2356 అనే ఉచిత నంబరు చూపించండి. అవతల ఫోనెత్తి సలహా చెప్పడానికి శిక్షణ పొందిన మనుషులుంటారు. డాక్టరుగారిని అడిగితే పనిచేస్తాయని పరీక్షల్లో తేలిన మందులూ ఉన్నాయి.

ఈ ఆదివారం నాణెం ప్రయోగం చేయడం మరవకండి. 40 పేర్లతో ఒకసారి, 10 పేర్లతో ఒకసారి. రెండు జట్లలోనూ కళ్ళద్దాలవారు ఎంతమంది వచ్చారో పట్టిక వేసి మాకు రాయండి.